"ఏం కాదు" అనే ముందు "దేనికి భయం?" అని అడగండి: ఆపరేషన్ ముందు పేషెంట్ దగ్గర నర్సు చేయాల్సినవి

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం పేషెంట్ మన చెయ్యి పట్టుకుని "సిస్టరమ్మా, నాకేమన్నయితదా?" అని అడుగుతుంది. మనలో చాలామంది నోట్లో తయారుగా ఉండే జవాబు ఒకటే, "ఏం కాదు, భయపడకు." ఆ మాట అనేసి ట్రే పట్టుకుని పక్క బెడ్‌కు పోతాం. సర్జికల్ వార్డులో కొత్తగా డ్యూటీకి చేరిన చెల్లెళ్ళ కోసం, తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను కూడా చాలా రోజులు ఆ మాటే అన్నాను. దాంతో ఒక్కరి భయం కూడా తగ్గినట్టు నాకు గుర్తు లేదు.

నేను చేరిన కొత్తలో నర్సంపేట వైపు నుంచి గర్భసంచి ఆపరేషన్‌కు ఒక పెద్దమ్మ వచ్చింది. రాత్రంతా పడుకోలేదు, మంచం అంచున కూర్చుని మెడ దగ్గర కొంగు బిగించి పట్టుకునే ఉంది. నేను మూడుసార్లు పోయి మూడుసార్లూ "ఏం కాదు పెద్దమ్మా, పండుకో" అని వచ్చాను. పొద్దున బీపీ బాగా పెరిగిపోయింది, మత్తు డాక్టర్ చూసి ఈరోజు వద్దన్నారు, ఆపరేషన్ వాయిదా పడింది. ఆ మధ్యాహ్నం తీరిగ్గా పక్కన కూర్చుని అడిగితే అప్పుడు చెప్పింది: "ఆపరేషన్‌కు కాదు బిడ్డా నా భయం, పుస్తెలు తీయాలంటున్నరు, మా ఆయన బతికుండంగ ఎట్ల తీస్తరు?" రాత్రి ఐదు నిమిషాలు కూర్చుంటే తేలిపోయే విషయం. ఆమె కొడుకు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో హమాలీ, నా ఐదు నిమిషాలకు అతనికి రెండు రోజుల కూలి పోయింది. ఇది ఇప్పటికీ నా మనసులో ఉంది.

అందుకే మొదట చేయాల్సింది ధైర్యం చెప్పడం కాదు, అడగడం. పేషెంట్ భయం అంటే మనం కత్తి అనుకుంటాం, కానీ ఒక్కొక్కరి భయం ఒక్కో చోట ఉంటుంది. ఒకరికి నడుములో వేసే సూది, ఒకరికి మధ్యలో మెలకువ వస్తుందేమోనని, ఇంకొకరికి అసలు మెలకువ రాదేమోనని. మగవాళ్ళ ముందు బట్టలు తీస్తారేమోనని లోపల్లోపల కుమిలిపోయే ఆడవాళ్ళు ఎంతమందో. ఇంటి దగ్గర బర్రెను ఎవరు పిండుతారు, పత్తి ఏరే టైముకు నడుం వంగుతదా, అప్పు ఎట్లా తీరుతుంది, ఇవీ భయాలే. మనం కత్తి గురించి ధైర్యం చెప్తుంటే ఆమె బర్రె గురించి ఏడుస్తుంటుంది.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. సూది చేతిలో పట్టుకుని అడిగితే ఎవరూ చెప్పరు. నిలబడి పైనుంచి అడిగినా చెప్పరు. స్టూల్ లాక్కుని, కళ్ళకు కళ్ళు సమానంగా వచ్చేటట్టు కూర్చుని, కేస్ షీట్ మూసి పక్కన పెట్టి, "రేపటి సంగతి తలుచుకుంటే ముందు ఏం యాదికొస్తంది అవ్వా?" అనండి. అని ఊరుకోండి. ఈ ఊరుకోవడమే కష్టం, మనకు రెండు సెకన్లు నిశ్శబ్దం ఉంటే ఏదో ఒకటి మాట్లాడాలనిపిస్తుంది. మాట్లాడకండి. కాసేపటికి వాళ్ళే మొదలుపెడతారు, మొదట చెప్పేది చాలాసార్లు అసలు భయం కాదు, రెండోదో మూడోదో అసలుది.

పిలుపు కూడా. "ఏయ్, 14వ బెడ్" అని పిలిచి, తర్వాత ఎంత మెత్తగా మాట్లాడినా లాభం లేదు. అవ్వా, పెద్దమ్మా, అక్కా, బాపూ, తాతా, వాళ్ళ వయసును బట్టి పిలవండి, పేరు కూడా తెలుసుకోండి. ములుగు, మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చే లంబాడా ఆడవాళ్ళలో కొంతమంది పెద్దవాళ్ళకు తెలుగు అంతంతమాత్రం, తల ఊపుతారు గానీ అర్థం కాదు. ఆ వార్డులో వాళ్ళ భాష వచ్చిన ఆయమ్మనో పక్క బెడ్ అటెండెంట్‌నో పిలిచి చెప్పించండి, అయితే శరీరానికి సంబంధించిన గుట్టు విషయాలకు పక్క బెడ్ వాళ్ళు వద్దు, వాళ్ళ ఇంటి ఆడమనిషే మేలు. "యాడీ" అని ఒక్క పిలుపు నేర్చుకుంటే, అమ్మా అని అర్థం, ఆ ముఖంలో మార్పు మీకే కనిపిస్తుంది.

భయం ఏమిటో తెలిశాక దానికే జవాబు చెప్పండి, అదీ జరగబోయే వరుసలో, ఒంటికి ఎట్లా అనిపిస్తుందో చెప్పండి. ఉదాహరణకు నడుముకు మత్తుసూది. మన దగ్గర ఎక్కువమందికి ఇదే భయం, "నడుముకు సూదేస్తే జిందగీ అంతా నడుం నొప్పట" అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేను ఇట్లా చెప్తాను: "పెద్దమ్మా, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేటప్పుడు నడుం ఎట్ల వంగుతదో అట్ల వంగి కూసోవాలె, గదువ ఛాతికి ఆనియ్యాలె. వీపు మీద సల్లగ మందు తుడుస్తరు, ఉలిక్కిపడకు. ముందు ఒక చిన్న సూది చురుక్కుమంటది, ఆ తర్వాత అదిమినట్టు అనిపిస్తది. కాళ్ళు వెచ్చగయితయి, తర్వాత బరువెక్కుతయి, తర్వాత కాళ్ళు ఉన్నయో లేవో తెల్వది. మెలకువ ఉంటవు, మాటలు ఇనపడతయి, తాకినట్టు గుంజినట్టు తెలుస్తది, నొప్పి మాత్రం తెల్వది. తెలిస్తే నోరు తెరిచి చెప్పు, డాక్టర్ అక్కడనే ఉంటరు." ఆపరేషన్ అయ్యాక కొన్ని గంటలు కాళ్ళు కదలవని, అది మందు ప్రభావమే గానీ చచ్చుబడటం కాదని కూడా ముందే చెప్పాలి. చెప్పకపోతే రికవరీలో కాళ్ళు కదలక గుండె బాదుకునే వాళ్ళను నేను చూశాను. సూది వేసిన చోట కొన్ని రోజులు సలుపు ఉండొచ్చు, కొందరికి తలనొప్పి వస్తుంది, లేచి కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గే తలనొప్పి అయితే వెంటనే మాకు చెప్పాలి అని అది కూడా దాచకుండా చెప్పండి. దాచితే తర్వాత మన మాట ఒక్కటి కూడా నమ్మరు.

పూర్తి మత్తు అయితే భయం వేరేగా ఉంటుంది, మళ్ళీ లేస్తానా అని. "మత్తు డాక్టర్ సూది వేసి బయటికి పోరు, నీ తల దగ్గరే నిలబడి ఊపిరి, గుండె, బీపీ అన్నీ చూసుకుంటనే ఉంటరు, ఆపరేషన్ అయిపోగానే మందు ఆపి లేపుతరు" అని చెప్తే చాలామందికి ఊపిరి కొంచెం కిందికి దిగుతుంది, ఎందుకంటే వాళ్ళు అనుకునేది మత్తిచ్చి వదిలేస్తారని. గొంతులో గొట్టం పెడతారు కాబట్టి లేచాక ఒకటి రెండు రోజులు గొంతు గరగరమంటుందని, వాంతి వచ్చినట్టు ఉండొచ్చని చెప్పండి. "నూటికి నూరు శాతం ఏం కాదు" అని మాత్రం హామీ ఇవ్వకండి. ఆ మాట డాక్టర్ కూడా అనరు, మనం అనొద్దు. "మేమందరం నీ పక్కనే ఉంటం, ఏదన్నయితే చూసుకునే ఏర్పాటంతా ఉన్నది" అనడం నిజం, అది చాలు.

సంతకం దగ్గర ఇంకో భయం. "చచ్చిపోయినా అడగొద్దని రాయించుకుంటున్నరు" అనే మాట ప్రతి వార్డులో వినిపిస్తుంది. కాగితం ముందు పెట్టి వేలిముద్ర వేయమంటే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది. ఏం ఆపరేషన్, ఎందుకు, ఏం ఇబ్బందులు రావొచ్చు అని చెప్పాల్సింది డాక్టర్. మన పని ఏమిటంటే, డాక్టర్ పోయాక "ఏం చెప్పిండ్రు సారు? నాకు నీ మాటల్ల చెప్పు" అని అడగడం. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నట్టు, మొహమాటం లేకుండా డాక్టర్‌ను మళ్ళీ పిలవండి. ఇంకొకటి, టెన్షన్ తగ్గడానికి డాక్టర్ గోలీయో సూదియో రాసి ఉంటే అది ఇచ్చేలోపే సంతకం అయిపోవాలి, మత్తులో పెట్టిన సంతకం సంతకం కాదు. ఆ మందు ఇచ్చాక మంచం పక్క కడ్డీ పైకి లేపండి, ఒంటేలుకు కూడా ఒంటరిగా దిగనివ్వొద్దు.

డబ్బుల భయం ఉన్నవాళ్ళను మాటలతో సముదాయించకండి, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి మనిషిని పంపండి. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉన్నా, తెలంగాణలో పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచినా, తమ ఆపరేషన్ దాని కిందికి వస్తుందా రాదా, మంజూరు వచ్చిందా లేదా అనేది చాలామంది పేషెంట్లకు తెలియదు. రాత్రి పడుకునేలోపు ఆ ఒక్క జవాబు తెచ్చి చెప్పండి.

ఇప్పుడు కడుపు ఖాళీ సంగతి. "ఏమీ తినొద్దు" అని చెప్పి పోతే, తెల్లవారి ఐదింటికి కోడలు జాలిపడి గ్లాసెడు చాయ్ తాగిస్తుంది, మనకు చెప్పదు. ఎందుకు తినొద్దో చెప్పండి: మత్తులో గొంతు తన కాపలా తాను కాసుకోలేదు, కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పేషెంట్‌కే కాదు, రాత్రి పక్కన పడుకునే మనిషికి కూడా చెప్పండి. మామూలుగా అన్నం, టిఫిన్ లాంటివి కనీసం 6 గంటల ముందు ఆపాలి, నూనె, మాంసం తింటే ఇంకా ఎక్కువ, పాలు, పాల చాయ్ కూడా తిండి లెక్కే. ఉత్త మంచినీళ్ళు 2 గంటల ముందు దాకా తాగొచ్చని పద్ధతి ఉంది, మీ మత్తు డాక్టర్ ఒప్పుకుంటే ఆ నీళ్ళు తాగనివ్వండి. అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్ళు లేకుండా మధ్యాహ్నం దాకా దూపతో ఉన్న మనిషికి భయం రెండింతలు అవుతుంది. సుగర్ గోలీలు, బీపీ గోలీలు, రక్తం పలచబడే గోలీలు ఏవి వేసుకోవాలో ఏవి ఆపాలో మీ అంతట మీరు చెప్పకుండా మత్తు డాక్టర్‌ను అడిగి, కవర్ మీద రాసి ఇవ్వండి.

దీనికన్నా మన ప్రాంతంలో నర్సు తప్పకుండా అడగాల్సింది కల్లు గురించి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను. మన ఊళ్ళలో రోజూ కల్లు తాగే ఆడవాళ్ళు, మగవాళ్ళు చాలామంది, అందులో కల్తీ కల్లు దొరికే చోట అల్ప్రాజోలం, డయాజెపాం లాంటి నిద్ర మందులు, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారనేది తెలియని విషయం కాదు. ఏళ్ళ తరబడి అది తాగిన మనిషి ఆసుపత్రిలో చేరి రెండు మూడు రోజులు ఆపేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా రావొచ్చు. మొదటి రోజు చూస్తే అచ్చం భయపడుతున్నట్టే ఉంటుంది. మనం ధైర్యం చెప్తూ కూర్చుంటాం, లోపల జరిగేది వేరు. అందుకే అందరి ముందు "తాగుతవా?" అని అడగొద్దు, లేదనే అంటారు, పైగా కోడళ్ళ ముందు పెద్దమ్మను అడిగితే తలెత్తుకోలేదు. అందరినీ బయటికి పంపి, మామూలు మాటలాగా "కల్లు పొద్దుగాల తాగుతవా, మాపటికా? ఎన్ని సీసాలు?" అని అడగండి. "మాపటికి రెండు" అని వెంటనే వస్తుంది జవాబు. "మంచిగ చెప్పినవు, ఇది తెలిస్తే మత్తు మందు సరిగ్గా ఇస్తరు" అనండి, ఎందుకు తాగుతున్నావని క్లాసు పీకడం ఆ రోజు మన పని కాదు. వెంటనే మత్తు డాక్టర్‌కు చెప్పి కేస్ షీట్‌లో రాయండి. బీడీ, గుట్కా, తంబాకు కూడా అదే ఊపులో అడిగేయండి.

నగల దగ్గరికి వస్తే, ఆ పెద్దమ్మ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. పొద్దున స్ట్రెచర్ వచ్చాక గబగబా "తీయి తీయి" అనకుండా ముందు రోజు సాయంత్రమే చెప్తాను: ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి కరెంటు మిషన్ వాడుతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదం ఉంది, వాపు వస్తే ఉంగరం, మెట్టె వేలికి బిగుసుకుంటాయి. పుస్తెలు మాత్రం నేను తీయను. అత్తనో తల్లినో భర్తనో తీయమంటాను, డాక్టర్ ఒప్పుకుంటే ఆ చోట పసుపు దారం కట్టుకోనిస్తాను. ఆమె చూస్తుండగానే లెక్కపెట్టి, కాగితం మీద రాసి, ఇంటివాళ్ళతో సంతకం చేయించి అప్పజెప్తాను. మెట్టెలు రాకపోతే సబ్బు నీళ్ళు. తాయెత్తు, కొమురవెల్లి మల్లన్న దగ్గర కట్టించుకున్న దారం లాంటివి కత్తెరతో కత్తిరించి చెత్తబుట్టలో వేసిన వాళ్ళను చూశాను, దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. విప్పి చిన్న కవర్లో పెట్టి, ఓటీ (ఆపరేషన్ థియేటర్) తలుపు దగ్గర నిలబడే మనిషి చేతికి ఇవ్వండి, "నీ దారం నీ బిడ్డ పట్టుకుని నిలబడ్డది" అని పేషెంట్‌కు చెప్పండి. మంచిగైతే సమ్మక్కకు ఎత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, ఇస్తానని మొక్కుకుంటుంటే మొక్కుకోనివ్వండి, ఆ బెల్లం తూకానికి ఆమె తిరిగి లేస్తాననే నమ్మకం కూడా తోడుంది.

గోళ్ళ రంగు తీయించండి, రక్తంలో ఆక్సిజన్ చూసేందుకు వేలికి పెట్టే క్లిప్ సరిగ్గా చదవడానికి అడ్డం వస్తుంది, గోరింటాకు ముదురుగా ఉంటే ఓటీలో ముందే చెప్పండి. కట్టుడు పళ్ళు తీయాలి. కళ్ళద్దాలు, చెవి మిషన్ మాత్రం ఓటీ తలుపు దాకా ఉండనివ్వండి, వీలైతే మత్తు ఇచ్చే దాకా. చూపు మసకగా, మాట వినపడకుండా ఆ గదిలోకి పోవడం ఎట్లా ఉంటుందో ఒకసారి కళ్ళు మూసుకుని ఊహించండి.

గౌను విషయంలో మనం అలవాటు పడిపోయాం, వాళ్ళు పడలేదు. వెనుక తెరిచి ఉండే గౌను ఇచ్చి వరండాలో నడిపించకండి. తెర లాగి, మార్చుకునే టైమిచ్చి, పైన దుప్పటి కప్పి స్ట్రెచర్ మీద పంపండి. వెంట్రుకలు తీయాల్సి వస్తే ఆడవాళ్ళకు ఆడ స్టాఫే, అదీ బ్లేడుతో గీకడం కాదు, క్లిప్పర్‌తో, బ్లేడు గాట్లు ఇన్ఫెక్షన్‌కు దారి. లోపల ఎవరెవరు ఉంటారో, ఆపరేషన్ చేసే చోటు తప్ప మిగతా ఒళ్ళంతా బట్టలు కప్పే ఉంటాయని చెప్తే సగం సిగ్గు పోతుంది.

పొద్దున సెలైన్ సూది పెట్టేటప్పుడు చేతులు చూడండి. భయపడ్డ మనిషి చేతులు మంచు ముక్కల్లా ఉంటాయి, నరాలు లోపలికి పోతాయి, మనం రెండుసార్లు గుచ్చి రాలేదంటాం, భయం ఇంకా పెరుగుతుంది, నరం ఇంకా లోపలికి పోతుంది. తొందరపడకండి. గోరువెచ్చని నీళ్ళలో బట్ట ముంచి పిండి చేతికి రెండు మూడు నిమిషాలు చుట్టండి, చెయ్యి మంచం కిందికి వేలాడేయమనండి, ఆ టైములో మాటల్లో పెట్టండి. నరం తేలుతుంది. రెండుసార్లు రాకపోతే మూడోసారి పక్క సిస్టర్‌ను పిలవండి, అందులో నామోషీ లేదు. ఊపిరి వేగంగా పీలుస్తుంటే "గట్టిగ పీల్చు" అనొద్దు, ఇంకా వేగంగా పీలుస్తారు. "వేడి చాయ్ మీద ఊదినట్టు మెల్లగ ఊదు" అని మీరు కూడా వాళ్ళతో పాటు ఊదండి, ఐదారుసార్లు, తర్వాత నాడి చూడండి.

లోపల చలిగా ఉంటుందని, తల మీద పెద్ద లైటు ఉంటుందని, చేతికి కట్టిన బీపీ పట్టా కొన్ని నిమిషాలకోసారి తనంతట తానే బిగుసుకుంటుందని, టిక్ టిక్ మనేది వాళ్ళ గుండె చప్పుడేనని చెప్పి పంపండి. ఇంకో మాట, పేరు మళ్ళీ మళ్ళీ అడుగుతారని. "నేనెవరో వీళ్ళకు తెల్వదా, ఇంకొకరి ఆపరేషన్ నాకు చేస్తరా" అని కంగారుపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మొదలుపెట్టిన చెక్‌లిస్ట్ ప్రకారం మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, గది నుంచి పంపే ముందు, ఇట్లా మూడుసార్లు కలిపి మొత్తం 19 విషయాలు సరిచూస్తారు. పేషెంట్‌కు ఆ లెక్కలు అక్కర్లేదు, "పొరపాటు జరగొద్దనే అడుగుతరు, ఎన్నిసార్లు అడిగినా పేరు, ఏ కాలు, ఏ పక్క, గట్టిగ చెప్పు" అంటే చాలు.

ఇంటివాళ్ళ సంగతి తక్కువలో చెప్తాను. పది మంది వస్తారు, అందులో ఒకరు "మా ఊర్ల ఒకాయన గిట్లనే పోయి మళ్ళ రాలే" అని మొదలుపెడతారు. ఆయనను గౌరవంగా చాయ్‌కి పంపండి. పేషెంట్ ఎవరిని చూస్తే నిమ్మళంగా ఉంటుందో అడిగి ఆ ఒక్కరినే పక్కన ఉంచండి. "గంట ఆపరేషన్" అని చెప్తే వాళ్ళు గోడ గడియారం చూసి సరిగ్గా గంటకు ఏడుపు మొదలుపెడతారు, మత్తు ఇవ్వడానికి, తర్వాత గమనించడానికి పట్టే టైం కూడా కలిపి చెప్పండి. ఎమర్జెన్సీ కేసు వచ్చి లిస్టు వెనక్కి పోతే ఎందుకు పోయిందో వెంటనే పోయి చెప్పాలి, ఖాళీ కడుపుతో ఎదురుచూసే మనిషికి ఏ కబురూ లేకపోవడం కంటే శిక్ష లేదు. ఎంత ఆలస్యమవుతుందో తెలుసుకుని నీళ్ళు ఇవ్వొచ్చా అని మత్తు డాక్టర్‌ను అడగండి, సుగర్ ఉన్నవాళ్ళకు మధ్యలో సుగర్ చెక్ చేయండి.

ఓటీ తలుపు దగ్గర మన పేషెంట్‌ను అక్కడి సిస్టర్‌కు అప్పగించేటప్పుడు కాగితాలతో పాటు భయాన్ని కూడా అప్పగించాలి. "ఈ పెద్దమ్మకు కుడి చెవు వినపడదు, నడుం సూదికి భయం, చెయ్యి పట్టుకుంటే సరిపోతది" అని పేషెంట్ వింటుండగా చెప్పండి. ఆమె చెయ్యి మీ చేతిలోంచి ఆ సిస్టర్ చేతిలోకి మారాలి. ఆమె తిరిగొచ్చే టైముకు మీ డ్యూటీ అయిపోతుందనుకుంటే "నేనుంట" అని అబద్ధం చెప్పొద్దు, మధ్యాహ్నం డ్యూటీకి వచ్చే సిస్టర్ పేరు చెప్పండి, ఆ సిస్టర్‌కు ఈమె గురించి చెప్పి పోండి.

తిరిగొచ్చాక కళ్ళు సగం తెరిచి చూసే మనిషికి మొదట వినపడాల్సింది "పెద్దమ్మా, ఆపరేషన్ అయిపోయింది, వార్డుకొచ్చినవు, నీ బిడ్డ ఇక్కడనే ఉన్నది" అనే మాట, ఒకటికి రెండుసార్లు, మెల్లగా, వినపడే చెవు వైపు నుంచి. తర్వాత బీపీ, నాడి, కుట్ల దగ్గర రక్తం, మామూలుగా చూసేవన్నీ. కళ్ళద్దాలు పెట్టండి. నిన్న రాసిన కాగితం తీసి, పుస్తెలు, మెట్టెలు, ముక్కుపుల్ల, దారం, ఒక్కొక్కటి ఆమెకు చూపించి లెక్క సరిచూడండి. పుస్తెలు ఎవరు తీశారో వాళ్ళనే మళ్ళీ వేయమనండి.